దేశాలకు ప్రోగ్రెస్ కార్డు రాయడమెలా?

2015లో ప్రపంచం మొత్తం మీద సరైన తాగునీరు అందనివాళ్లు ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి నడిపే పర్యవేక్షణ బృందం ఈ ఒక్క ప్రశ్నకు రెండు జవాబులిచ్చింది. 2015 నివేదికలో 66.3 కోట్ల మంది అని రాసింది. 2017 నివేదికలో అదే 2015వ సంవత్సరానికి 210 కోట్ల మంది అని రాసింది. ఈ మధ్యలో కుళాయిలు ఆగిపోలేదు, బోర్లు ఎండిపోలేదు. అదే జనం, అవే నీళ్లు. ‘సరైన తాగునీరు’ అనే మాటకు అర్థం మారింది, అంతే.

మొదటి లెక్కకు అడిగిన ప్రశ్న చాలా సులువు. మీరు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? కుళాయి, బోరు, మూత ఉన్న బావి లాంటి జవాబు వస్తే ‘మెరుగైన వనరు’ అని టిక్కు పెట్టారు. ఆ బోరు ఎంత దూరంలో ఉంది, కుళాయిలో రోజుకు ఎన్ని గంటలు నీళ్లొస్తాయి, ఆ నీళ్లలో ఏం కలిసింది అన్నవి ఆ టిక్కుకు అక్కర్లేదు. రెండో లెక్కకు షరతులు పెరిగాయి. నీళ్లు ఇంటి ఆవరణలోనే దొరకాలి. కావలసినప్పుడు రావాలి. మలం నుంచి చేరే బ్యాక్టీరియా గానీ, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లాంటి విషాలు గానీ ఉండకూడదు. ఈ జల్లెడలో వేసేసరికి, అంతకుముందు పాసైన దాదాపు 144 కోట్ల మంది మళ్లీ ఫెయిలైనవాళ్ల వరసలోకి వచ్చారు.

అంతకుముందు 2012లో ఒక పెద్ద ప్రకటన వచ్చింది. మంచి నీరు అందనివాళ్ల నిష్పత్తిని సగానికి తగ్గించాలన్న లక్ష్యాన్ని గడువుకు ఐదేళ్ల ముందే, 2010లోనే ప్రపంచం చేరుకుందని. అది అబద్ధం కాదు. ఆ రోజు వాడిన నిర్వచనం ప్రకారం అక్షరాలా నిజం.

దేశాల ప్రగతిని కొలిచే ప్రతి అంకె వెనకా ఇలాంటి నిర్ణయం ఒకటి ఉంటుంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి, గీత ఎక్కడ గియ్యాలి. అలాగని ఇవన్నీ కాకి లెక్కలని కొట్టిపారేస్తే అంతకంటే పొరపాటు ఉండదు. వీటిలో చాలావాటిని ఎంతో నిజాయితీగా, కష్టపడి కడతారు. కానీ ఎలా కట్టారో తెలియకుండా చదివితే, మంచి లెక్క కూడా మనల్ని తప్పుదారి పట్టించగలదు.

ముసలి కొలబద్ద

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది జీడీపీ. దాని పుట్టుక మహా మాంద్యం రోజుల్లో ఉంది. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిందని అమెరికాలో అందరికీ తెలుసు గానీ, ఎంత కూలిందో చెప్పే నమ్మకమైన అంకె ఎవరి దగ్గరా లేదు. సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త ఆ లెక్క కట్టి 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించారు. జాతీయాదాయాన్ని చూసి జాతి సంక్షేమాన్ని అంచనా వెయ్యడం దాదాపు కుదరని పని అని అదే నివేదికలో హెచ్చరించారు కూడా. అంకెను అందరూ తీసుకున్నారు, హెచ్చరికను అక్కడే వదిలేశారు.

జీడీపీ లెక్కపెట్టేది ఒక ఏడాదిలో దేశంలో తయారైన వస్తువుల, సేవల విలువ. ప్రమాదంలో కారు నుజ్జయితే రిపేరు బిల్లు, ఆసుపత్రి బిల్లు రెండూ అందులో చేరతాయి. తల్లి తన బిడ్డను చూసుకుంటే చేరదు; అదే పనికి ఆయాను పెట్టుకుంటే ఆమె జీతం చేరుతుంది. ఒక పెద్దమనిషి తన ఇంటి పనిమనిషిని పెళ్లి చేసుకుంటే జాతీయాదాయం తగ్గిపోతుందని ఆర్థర్ పిగూ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త వందేళ్ల కిందటే వేళాకోళం చేశారు.

ఇవి పాత విమర్శలే. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే సంగతి: జీడీపీ కొలుస్తానన్న దాన్నైనా సరిగ్గా కొలుస్తోందా? ఐర్లండ్ 2015లో ఏకంగా 26 శాతం ఎదిగిందని 2016లో ఆ దేశ గణాంక కార్యాలయం ప్రకటించింది. అక్కడివాళ్లకే నవ్వొచ్చింది. జరిగిందేమిటంటే కొన్ని బహుళజాతి కంపెనీలు పేటెంట్ల లాంటి ఆస్తులను పన్నుల సౌలభ్యం కోసం ఐర్లండ్ ఖాతాలోకి మార్చుకున్నాయి. కాగితాలు కదిలాయి, జీడీపీ ఎగిరింది, జనం జేబుల్లో పెద్దగా ఏం మారలేదు. ఇక లాభం లేదని ఆ కార్యాలయం, ఇలాంటి ప్రభావాలను తీసేసిన సవరించిన జాతీయాదాయం అనే వేరే అంకెను తయారుచేసుకుంది.

నైజీరియాది ఇంకో రకం కథ. అక్కడ 2014 ఏప్రిల్ దాకా జీడీపీ లెక్కకు ఆధార సంవత్సరం 1990. అంటే సెల్‌ఫోన్లు, సినిమా పరిశ్రమ ఇంకా ఊపందుకోని నాటి ఆర్థిక వ్యవస్థ బొమ్మను పట్టుకుని ఇన్నేళ్లూ లెక్కలు కడుతున్నారు. ఆధార సంవత్సరాన్ని 2010కి మార్చగానే 2013 జీడీపీ 89 శాతం పెరిగిపోయింది. రాత్రికి రాత్రి దక్షిణాఫ్రికాను దాటి ఆఫ్రికాలోనే అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. ఆ పూట నైజీరియాలో ఒక్క పేద ఇల్లు కూడా బాగుపడలేదు.

పదివేల డాలర్లకు ఎన్ని మార్కులు?

జీడీపీకి పోటీగా నిలబడగలిగిన మొదటి అంకె మానవాభివృద్ధి సూచీ. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ ఆలోచనల ఆధారంగా ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో దీన్ని తెచ్చింది. మనుషుల జీవితాలను ఒక్క అంకెలోకి కుదించడం సేన్‌కు మొదట నచ్చలేదు. జీడీపీని గద్దె దించాలంటే దానంత మొరటు అంకె ఒకటి కావాల్సిందేనని, కాకపోతే మనుషుల్ని చూడగలిగే కళ్లు దానికుండాలని హక్ వాదన. ఆయన మాటే నెగ్గింది. నెగ్గడం మంచిదైందనే నేననుకుంటాను. పది పేజీల పట్టికను ఏ పత్రికా మొదటి పేజీలో వెయ్యదు.

ఈ సూచీ ఎలా కడతారో ఒకసారి చేత్తో వేసి చూద్దాం. ఒక ఊహా దేశం తీసుకుందాం. అక్కడ సగటు ఆయుర్దాయం 70 ఏళ్లు. సూచీలో దీనికి కింది హద్దు 20, పై హద్దు 85. కింది హద్దు నుంచి దేశం నడిచిన దూరం 50, మొత్తం దూరం 65. భాగిస్తే 0.769.

చదువుకు రెండు కొలతలు. 25 ఏళ్లు దాటినవాళ్లు సగటున ఎన్నేళ్లు చదువుకున్నారన్నది ఒకటి. దీనికి పై హద్దు 15. ఇప్పుడు బడిలో చేరే పిల్ల ఎన్నేళ్లు చదువుతుందని ఆశించవచ్చు అన్నది రెండోది. దీనికి పై హద్దు 18. మన ఊహా దేశంలో అవి ఏడున్నర, పన్నెండు అనుకుంటే 0.5, 0.667 వస్తాయి. రెంటి సగటు 0.583.

ఇక ఆదాయం. తలసరి జాతీయాదాయాన్ని కొనుగోలు శక్తి డాలర్లలో తీసుకుంటారు. అంటే ఒక డాలరుకు ఏ దేశంలో ఎంత సరుకు వస్తుందో ఆ తేడాను సర్దిన డాలర్లు. హద్దులు 100, 75,000. మన దేశం ఆదాయం 10,000 డాలర్లు. మామూలుగా భాగిస్తే 13 శాతం మార్కులే రావాలి. కానీ సూచీ 0.696 ఇస్తుంది. ఎందుకంటే ఇక్కడ డాలర్లను నేరుగా వాడరు, వాటి లాగరిథమ్ వాడతారు. దాని వెనకున్న ఆలోచన మాత్రం అందరికీ తెలిసినదే. వెయ్యి డాలర్లతో బతికేవాడికి ఇంకో వెయ్యి దొరికితే జీవితం మారిపోతుంది. నలభై వేలున్నవాడికి అదే వెయ్యి ఒక విహారయాత్ర. లెక్కలో చూస్తే, తలసరి ఆదాయం 1,000 నుంచి 2,000కి పెరిగితే ఆదాయ సూచీకి 0.105 కలుస్తుంది. 40,000 నుంచి 41,000కి పెరిగితే కలిసేది 0.004.

చివరగా మూడింటినీ కలపాలి. 2010కి ముందు మామూలు సగటు వేసేవాళ్లు. అలా వేస్తే మన దేశానికి 0.683 వస్తుంది. అందులో ఒక ఇబ్బంది ఉంది: చదువులో బాగా వెనకబడిన దేశం చమురు డబ్బుతో ఆ లోటును పూర్తిగా కప్పేసుకోవచ్చు. అందుకని 2010 నుంచి గుణమధ్యమం వాడుతున్నారు. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తారు. ఇప్పుడు 0.678. తేడా చిన్నదే, మన దేశం మూడింటిలోనూ దాదాపు సమానంగా ఉంది కాబట్టి. ఒక్కదాంట్లో సున్నాకు దగ్గరపడితే మాత్రం మొత్తం స్కోరు కుంగిపోతుంది. మనిషికి గుండె బాగుంది కదా అని ఊపిరితిత్తులు లేకపోయినా ఫర్వాలేదనలేం, ఆ తర్కమే ఇక్కడ సూత్రంగా మారింది.

0.550 నుంచి 0.699 వరకు ఉంటే ‘మధ్యస్థ మానవాభివృద్ధి’ అంటారు. కాబట్టి మన ఊహా దేశం ఆ తరగతి. ఆ దేశంలో ఆడపిల్లల చదువు ఎలా ఉంది, సంపద ఎవరి దగ్గర పోగుపడింది, నదులు ఏ రంగులో పారుతున్నాయి, వీటిలో ఏ ఒక్కటీ 0.678లో కనిపించదు. అసమానతను సర్దిన సూచీ, పేద కుటుంబాలకు ఒకేసారి ఎన్ని కొరతలు ఉన్నాయో లెక్కపెట్టే బహుముఖ పేదరిక సూచీ 2010లో వచ్చింది ఈ ఖాళీలు పూడ్చడానికే.

పదిహేడు పేపర్ల పరీక్ష

2015 సెప్టెంబరులో 193 దేశాలు ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టాయి. ఒక్క అంకె కాదు, 17 ప్రధాన లక్ష్యాలు, 169 ఉప లక్ష్యాలు, 230కి పైగా సూచికలు. గడువు 2030. పేదరికం నుంచి సముద్రాల దాకా, న్యాయవ్యవస్థ నుంచి ఇంటి చాకిరీలో ఆడవాళ్ల వాటా దాకా అన్నీ ఉన్నాయి. ఎక్కువైపోయాయని విసుక్కునేవాళ్లున్నారు. ఆ విసుగులో కొంత న్యాయం ఉంది. మొదట్లో ఈ సూచికల్లో కొన్నిటిని కొలిచే పద్ధతే ప్రపంచంలో ఎక్కడా లేదు. వాటిని ‘మూడో శ్రేణి’ అని పక్కన పెట్టి, పద్ధతులు కనిపెట్టుకుంటూ వచ్చారు. ఆ శ్రేణి ఖాళీ కావడానికి నాలుగైదేళ్లు పట్టింది. ప్రశ్నపత్రం ఇచ్చేశాక దిద్దే విధానం ఆలోచించినట్టు.

వీటికి ముందు 2000 నుంచి 2015 వరకు నడిచిన సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిదే. సూటిగా ఉండేవి. కానీ వాటి లెక్కలో ఒక మెలిక ఉంది. చాలావాటిని ‘సగానికి తగ్గించాలి’, ‘మూడింట రెండు వంతులు తగ్గించాలి’ అని నిష్పత్తుల్లో పెట్టారు. ఒక దేశంలో వందకు 60 మంది పేదలున్నారు, గడువులోగా 35కి తగ్గించింది. ఇంకో దేశంలో వందకు 10 మంది ఉన్నారు, 5కి తగ్గించింది. మొదటి దేశం వందలో 25 మందిని గట్టెక్కించి ఫెయిలైంది. రెండోది ఐదుగురిని గట్టెక్కించి పాసైంది. ఆఫ్రికా దేశాలు లక్ష్యాలు అందుకోలేకపోయాయని ఆ రోజుల్లో వచ్చిన శీర్షికల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ లెక్కే. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో చాలాచోట్ల దీన్ని సరిచేసి గీత ఒకేచోట గీశారు. ఉదాహరణకు ఐదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యి జననాలకు 25 మించకూడదు, ఎవరైనా సరే. ఇప్పుడు ఇంకో చిక్కు. చాలా ధనిక దేశాలు ఆ పరీక్ష రాయకముందే పాసై కూర్చున్నాయి.

ఈ లక్ష్యాల మీద వేసే నివేదికల్లో ఐక్యరాజ్యసమితి దేశాలకు ర్యాంకులు ఇవ్వదు. పత్రికల్లో మనం చూసే సుస్థిరాభివృద్ధి ర్యాంకులు ఎక్కువగా ఎస్‌డీఎస్ఎన్ అనే పరిశోధనా వేదిక 2016 నుంచి వేస్తున్నవి. ఫిన్లండ్ కొన్నేళ్లుగా అందులో మొదటి స్థానంలో ఉంటోంది. వాళ్ల పద్ధతిలో ప్రతి సూచికకూ 0 నుంచి 100 మార్కులు, ఒక్కో లక్ష్యం కింద సగటు, ఆ పైన 17 లక్ష్యాల సగటు. చూడ్డానికి సమన్యాయం లాగే ఉంది. కానీ ఒక లక్ష్యం కింద మూడే సూచికలుండి, ఇంకోదాని కింద పన్నెండు ఉంటే, మొదటి దాంట్లోని ఒక్కో సూచిక రెండోదాని సూచికకు నాలుగు రెట్లు బరువు తూగుతుంది. ఆ బరువు ఎవరూ చర్చించి నిర్ణయించింది కాదు, డేటా దొరికినదాన్ని బట్టి దానంతటది వచ్చి పడింది.

ఐక్యరాజ్యసమితి నివేదికల్లోనూ కళ్లు తెరుచుకుని చదవాల్సిన చోట్లున్నాయి. లెక్క తేల్చగలిగిన ఉప లక్ష్యాల్లో 17 శాతమే సరైన దారిలో ఉన్నాయని 2024 నివేదిక చెప్పింది. 2025 నివేదికలో ప్రముఖంగా కనిపించిన అంకె 35 శాతం. ఏడాదిలో రెట్టింపైందని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. ఈ 35 శాతంలో సరైన దారిలో ఉన్నవాటితోపాటు ‘ఓ మోస్తరు ప్రగతి’ చూపినవి కూడా కలిసున్నాయి. అదే నివేదిక ప్రకారం 18 శాతం ఉప లక్ష్యాల్లో 2015 కంటే వెనక్కి పోయాం.

తలుపు దగ్గర అడిగే ప్రశ్న

ఇంతకీ ఈ అంకెలన్నీ ఎక్కడినుంచి వస్తాయి? కొన్ని ప్రభుత్వ రికార్డుల నుంచి, కొన్ని ఉపగ్రహాల నుంచి. కానీ పేద దేశాల విషయంలో అసలు ఆధారం ఒక మనిషి ఇంకో మనిషి తలుపు తట్టి అడిగే ప్రశ్న. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలన్నట్టు, కొన్ని వేల ఇళ్లను ఎంచుకుని అడుగుతారు. గిన్నె బాగా కలిపి ఉంటేనే ఆ మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. ఏ ఇళ్లను ఎంచుకోవాలో చెప్పేది జనాభా లెక్కలు. అవి పాతబడితే కొత్తగా పుట్టిన మురికివాడలు, వలస కూలీల గుడిసెలు గిన్నె బయటే ఉండిపోతాయి.

ఆకలి లెక్కనే తీసుకోండి. 2024లో ప్రపంచంలో 67.3 కోట్ల మంది చాలినంత తిండి లేక ఆకలితో ఉన్నారని ఒక అంకె, 230 కోట్ల మందికి ఆహార భద్రత లేదని ఇంకో అంకె, ఐక్యరాజ్యసమితి సంస్థల ఒకే నివేదికలో ఉంటాయి. మొదటిది ఎవరినీ నేరుగా ఆకలి గురించి అడిగి తేల్చింది కాదు. దేశంలో పండింది, దిగుమతి చేసుకున్నది, ఎగుమతి పోయింది, పాడైంది చూసి, కలపాల్సినవి కలిపి, తీసెయ్యాల్సినవి తీసేసి, మిగిలిన కేలరీలు జనం మధ్య ఎలా పంచుకుని ఉంటారో అంచనా వేసి, ఎంతమందికి చాలవో లెక్కకడతారు. రెండోది నేరుగా అడిగింది. ప్రశ్నలు ఎనిమిదే. గత పన్నెండు నెలల్లో డబ్బు లేకపోవడం వల్ల తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా? ఒంటికి పట్టే తిండి తినలేకపోయారా? ఒకే రకం తిండితో సరిపెట్టుకున్నారా? ఒక పూట మానేశారా? తినాల్సినదానికంటే తక్కువ తిన్నారా? ఇంట్లో తినడానికి ఏమీ లేకుండా అయిపోయిందా? ఆకలేసినా తినలేదా? రోజంతా పస్తున్నారా?

ఈ ప్రశ్నల వరస చూస్తే ఎవరో చాలా ఆలోచించి రాశారని తెలుస్తుంది. ఆకలి ముందు మనసులో మొదలవుతుంది, దిగులుగా. తర్వాత కంచంలో రకం తగ్గుతుంది, ఆ తర్వాత పరిమాణం, చివరికి కంచమే ఉండదు. ఎన్ని ‘అవును’లు వచ్చాయన్నదాన్ని బట్టి తీవ్రత అంచనా వేస్తారు. ఆ లెక్కకు వాడే గణితం జార్జ్ రాష్ అనే డేనిష్ గణితవేత్తది. బళ్లో పరీక్షల కోసం, ఏ ప్రశ్న ఎంత కఠినమో, ఏ విద్యార్థి ఎంత సమర్థుడో ఒకే కొలబద్ద మీద పెట్టడానికి ఆయన తయారుచేసిన పద్ధతి. ఇప్పుడు అదే ఆకలికి పనికొస్తోంది. రోజంతా పస్తుండడం అన్నిటికంటే ‘కఠినమైన ప్రశ్న’.

ఇంతకంటే కష్టమైనది ప్రసూతి మరణాల లెక్క. కాన్పు సమయంలో గానీ, గర్భంతో ఉండగా గానీ, అది ముగిసిన 42 రోజుల్లోపు గానీ ఆ కారణంగా చనిపోయిన తల్లుల సంఖ్యను లక్ష జననాలకు ఇంత అని చెబుతారు. 2030 నాటికి ప్రపంచ సగటు 70 కంటే తగ్గాలని లక్ష్యం. 2023లో అది 197. మరణాలన్నీ కారణంతో సహా నమోదయ్యే దేశాల్లో ఇది రికార్డులు చూసి చెప్పొచ్చు. అలాంటి నమోదు లేని చోట సర్వే చెయ్యాలి. కానీ చనిపోయిన మనిషిని సర్వే చెయ్యలేం. పైగా లక్షకు 200 చొప్పున ఉన్న దేశంలో కూడా పదివేల కాన్పుల్ని వెతికితే దొరికేది ఇరవై మరణాలే.

దీనికి 1980ల చివర్లో ఒక దారి కనిపెట్టారు. ఇంట్లో ఉన్న ఆడమనిషిని ఆమె తోబుట్టువుల గురించి అడగడం. మీ అమ్మకు ఎంతమంది పిల్లలు? అక్కచెల్లెళ్లు ఎందరు? అందరూ ఉన్నారా? పోయిన ఆమెకు అప్పుడు ఎన్నేళ్లు? కడుపుతో ఉందా? కాన్పులో పోయిందా, కాన్పయ్యాకా? ఒక్కో ఇంట్లో అక్కచెల్లెళ్లందరి సంగతి తెలుస్తుంది కాబట్టి శాంపిల్ పెరుగుతుంది. ఎంత తెలివైన పద్ధతో అంత బరువైన పద్ధతి. ప్రశ్నలడిగే అమ్మాయి చేతిలో ఉన్నది ఒక ఫారం, ఎదురుగా ఉన్నామెకు గుర్తొస్తున్నది తన చెల్లెలు. ఆ జవాబులన్నీ చేరి, కూడికలు, మోడళ్లు దాటి, చివరికి ఏదో ఒక పట్టికలో ఒక గడిగా మిగులుతాయి.

ఈ తరహా సర్వేల్లో పెద్దది, డీహెచ్ఎస్ అనే కార్యక్రమం, అమెరికా ప్రభుత్వ సాయంతో 1984లో మొదలైంది. 90 దేశాల్లో 400కు పైగా సర్వేలు చేసింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని కోసేసినప్పుడు ఇదీ ఆగిపోయింది. పైన చెప్పుకున్న లక్ష్యాల్లో ఆరోగ్యం, పోషణ, ఆడవాళ్ల స్థితిగతులకు సంబంధించిన ఎన్నో గడులు నిండేది దీనితోనే. తర్వాత కొన్ని సర్వేలను వేరే దాతల డబ్బుతో గట్టెక్కించే ప్రయత్నాలు జరిగాయి. ర్యాంకుల గురించి జరిగే చర్చలో వందో వంతు కూడా దీని గురించి జరగలేదు.

పేదరికం గీత సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ప్రపంచ బ్యాంకు తీవ్ర పేదరికానికి రోజుకు 2.15 డాలర్లుగా ఉన్న గీతను 2025 జూన్‌లో 3 డాలర్లు చేసింది. ధరల కొత్త పోలికలు వచ్చాయి, పేద దేశాలే తమ సొంత గీతలను పైకి జరుపుకున్నాయి, అందుకని. దాంతో 2022లో తీవ్ర పేదల సంఖ్య 71.3 కోట్ల నుంచి 83.8 కోట్లయింది. మళ్లీ అదే నీళ్ల కథ.

పొలం అమ్మి పంట డబ్బు అనుకుంటే

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా అభివృద్ధి గురించి. ‘సుస్థిర’ అన్న మాటను కొలవడం వేరే చిక్కు. ఇవాళ్టి జీవితాన్ని కొలవడానికి ఇవాళ్టి మనుషుల్ని అడిగితే చాలు. రేపటివాళ్లకు ఏం మిగులుతుందో ఎవరిని అడగాలి?

పసిఫిక్ సముద్రంలో నౌరూ అని 21 చదరపు కిలోమీటర్ల దీవి ఉంది. నిండా ఫాస్ఫేట్, ఎరువుల తయారీకి కావలసినది. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ తవ్వకాల ఆదాయం ద్వీపవాసుల చేతికొచ్చింది. 1970ల్లో తలసరి ఆదాయంలో నౌరూ ప్రపంచంలోనే అత్యంత సంపన్న దేశాల సరసన నిలిచింది. రేపటి కోసమని పెట్టిన నిధిలో చాలా భాగం పిచ్చి పెట్టుబడుల్లో పోయింది. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి డబ్బు పెడితే అది కొద్ది వారాలకే మూతపడింది. ఫాస్ఫేట్ అయిపోయింది. దీవిలో దాదాపు 80 శాతం నేల తవ్వి వదిలేసిన రాళ్ల గుట్టగా మిగిలింది. తవ్వకాలు జోరుగా సాగినన్నాళ్లూ జీడీపీ మాత్రం అంతా భేషుగ్గా ఉందనే చెప్పింది. పొలం అమ్మగా వచ్చిన డబ్బును పంట డబ్బు కింద రాసుకున్న పద్దు పుస్తకం అంతకంటే ఏం చెబుతుంది?

అందుకే ఆదాయాన్ని కాకుండా ఆస్తిని కొలవాలని కొందరంటారు. ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా ఈ వాదనకు పెద్ద దిక్కు. రోడ్లు, యంత్రాలు ఒక ఆస్తి. మనుషుల చదువు, ఆరోగ్యం ఒక ఆస్తి. అడవులు, నీళ్లు, నేల, గాలి ఒక ఆస్తి. మూడూ కలిపి తలసరి విలువ తగ్గకుండా ఉంటే సుస్థిరం, తగ్గితే కాదు. ఆయన 2021లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన సమీక్ష ప్రకారం 1992 నుంచి 2014 మధ్య ప్రపంచంలో తలసరి యంత్ర సంపద రెట్టింపైంది, మానవ సంపద 13 శాతం పెరిగింది, ప్రకృతి సంపద దాదాపు 40 శాతం తగ్గింది. ఇక్కడే అసలు పేచీ మొదలవుతుంది. ఈ మూడింటినీ కూడాలంటే ఒకే కొలమానం, అంటే డబ్బు కావాలి. ఒక చిత్తడి నేలకు ధర ఎంత? ధర కట్టకపోతే పద్దులో అది సున్నా, కడితే ‘అమ్మొచ్చన్నమాట’ అనే అర్థం వస్తుంది. యంత్రాలు పెరిగితే అడవి తగ్గినా సరిపోతుందా అన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. సరిపోదనే నా అభిప్రాయం, కనీసం వాతావరణం, నేల లాంటి వాటి విషయంలో. కానీ ఇది అభిప్రాయమే.

ఇంకో దారి, పాత అంకెకే కోత పెట్టడం. మానవాభివృద్ధి సూచీలో తలసరి కార్బన్ ఉద్గారాలు, తలసరి ముడిపదార్థాల వినియోగం లెక్కగట్టి మార్కులు తగ్గిస్తే ఏమవుతుందో 2020 నివేదికలో చేసి చూపించారు. అప్పటికి మొదటి ర్యాంకులో ఉన్న నార్వే 15 స్థానాలు దిగింది. లక్సెంబర్గ్ ఏకంగా 131 స్థానాలు పడిపోయింది. తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లవాడు పక్కవాడి పుస్తకాలన్నీ తెచ్చుకుని చదివాడని తెలిసినట్టైంది.

పద్దు పుస్తకం కూడా నెమ్మదిగా మారుతోంది. దేశాలన్నీ జీడీపీ కట్టడానికి వాడే జాతీయ ఖాతాల నిబంధనలను 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం సవరించింది. గనులు, చమురు లాంటివి తరిగిపోవడాన్ని ఇకమీదట ఉత్పత్తి ఖర్చుగా రాయాలి. దాంతో జీడీపీ తగ్గదు, అరుగుదల తీసేశాక మిగిలే నికర ఉత్పత్తి తగ్గుతుంది. ఆ నికర అంకెనే ముందుకు తేవాలన్నది సిఫారసు. దేశాలు దీన్ని అమలు చెయ్యడం ఈ దశాబ్దం చివరి మాట. నౌరూకు ఇది ఎప్పుడో ఆలస్యమైపోయింది.

అంకె పలుకుబడి పెరిగేకొద్దీ దాన్ని వంచాలనే ఆశ కూడా పెరుగుతుంది. ప్రపంచ బ్యాంకు ‘వ్యాపార సౌలభ్యం’ ర్యాంకులు ఒకప్పుడు ప్రభుత్వాలకు పెద్ద టెన్షన్. ర్యాంకు మెరుగుపరుచుకోవడానికే కొన్ని దేశాలు ప్రత్యేకంగా బృందాలు పెట్టుకున్నాయి. 2018, 2020 నివేదికల్లో కొన్ని దేశాల డేటాను అక్రమంగా మార్చారని తేలాక 2021 సెప్టెంబరులో బ్యాంకు ఆ నివేదికనే ఆపేసింది. సుస్థిరాభివృద్ధి అంకెలకు ఇంకా అంత పలుకుబడి రాలేదు. అది వాటి బలమో, బలహీనతో చెప్పడం కష్టం.

2030 డిసెంబరు 31 రాత్రి ప్రపంచం ఈ లక్ష్యాలు సాధించిందో లేదో ఎవరూ చెప్పలేరు. తాగునీటి విషయంలో 2010 సంగతి 2012లో తెలిసినట్టే, 2030 సంగతి ఏ 2032లోనో తెలుస్తుంది. కొన్ని గడుల్లో అప్పటికీ పాత అంకెలే ఉంటాయి. తోబుట్టువుల ప్రశ్నతో కట్టే ప్రసూతి మరణాల లెక్కకు సాధారణంగా సర్వేకు ముందు ఏడేళ్ల మరణాలను కలిపి తీసుకుంటారు. కాబట్టి 2030లో ఒక తలుపు దగ్గర నిలబడి ఒకామె చెప్పే జవాబు, 2024లో కాన్పు గదిలోంచి తిరిగి రాని తన అక్క గురించి కావచ్చు.